దేవయ్య వార్తకు వారసులు

కరీంనగర్ జిల్లా జగిత్యాల తాలూకాలో పుట్టి, ఒమాన్ దేశంలో బహ్లా దగ్గరి రోడ్డు పనుల క్యాంపులో సెంట్రింగ్ డ్యూటీ చేస్తున్న పెద్దులు అనే నేను, వయసు నలభై ఏడు, చదువు ఐదో తరగతి (అందులో మూడో తరగతే రెండేళ్ళు), నా తెలివి నా దగ్గరే ఉండగా రాసుకున్న వీలునామా ఇది. చెడింది కడుపు, తల కాదు. కడుపులో రాళ్ళున్నాయని శనివారం మస్కట్ ఆసుపత్రిలో కోస్తారట. బెదిరించి రాయించినవారు ఎవరూ లేరు. రాయొద్దని బెదిరించినవారు ఉన్నారు, వారి పేరు కిందనే వస్తుంది.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా క్యాంపు అసోసియేషన్ ప్రెసిడెంట్, సైట్ మేస్త్రీ అయిన గంగన్నకు అప్పగిస్తున్నాను. క్యాంపులో ఎవరైనా పోతే ఆ మనిషి ట్రంకు పెట్టెను శుక్రవారం భోజనాలయ్యాక మెస్‌లో అందరి ముందు ప్రెసిడెంటే తెరవాలి, లోపల ఏ కాగితం దొరికినా పైకి చదవాలి. ఇది గంగన్న స్వయంగా పెట్టిన రూలు. కాబట్టి గంగన్నా, గొంతు సవరించుకో. ఒక్క ముక్క మింగినా పట్టుకోవడానికి రెండో ప్రతి వంటమనిషి నిజాముద్దీన్ దగ్గరుంది. మింగితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నేను బతికి వస్తే నేనే చదువుతాను, నీకు ఆ కష్టం తప్పుతుంది.

2. నా ఆస్తిలో పెద్దది 'గోడ కబురు'. రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం మెస్ గోడకు నేను అంటిస్తున్న చేతిరాత పత్రిక. చదవలేనివాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను. అబద్ధాలు రాస్తున్నానని ప్రెసిడెంట్ వర్గం అన్నందుకు, వార్త చెప్పినవాడు వార్త కింద బొటనవేలు వెయ్యాలని నియమం పెట్టుకున్నాను. వేలు లేనిది వార్త కాదు. తెలివైన పనే అనుకున్నాను. జీతాల రిజిస్టర్‌లో కూడా అవే వేళ్ళు ఉంటాయన్నది నా బుర్రకు తట్టలేదు.

పోయినేడు అమెరికా ప్రెసిడెంట్ పత్రికల దెబ్బకు కుర్చీ దిగాడని రేడియోలో విని గోడకెక్కించాను. ఆ రోజు నుంచి గంగన్నకు నా మీద, నాకు గంగన్న మీద అనుమానం. ఈ జూన్‌లో మన దేశంలో ఎమర్జెన్సీ పెట్టగానే ఆయనకు పండగైంది. "ఇండియాలనే పేపర్ల నోరు మూసిండ్రు, నీ గోడెంత రా?" అని, ఇక ప్రతి కాగితం ముందు తనకు చూపించాలన్నాడు. ఎర్ర పెన్సిల్‌తో మొత్తం కొట్టేశాడు. నేను ఖాళీ కాగితం అంటించాను. రాసిన కాగితం ముందు ఐదు నిమిషాలు నిలబడనివాళ్ళు దాని ముందు అరగంట నిలబడ్డారు.

3. జులై ఎనిమిదో తారీఖున మాతో పనిచేసే దేవయ్య సైట్‌లో ఎండకు పడి ప్రాణం విడిచాడు. పొద్దుటి నుంచి సైట్‌కు నీళ్ళ ట్యాంకర్ రాలేదు. మేనేజర్ ఇంటి మొక్కలకు మళ్ళించింది గంగన్న. చూసినవాడు ఒకడున్నాడు. గంగన్న మాత్రం దేవయ్య భార్య సత్తవ్వకు, తాగి పడ్డాడని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చూపించి అత్తవారు ఆమెను గడప తొక్కనివ్వడం లేదు. ఆమె నాకు రాయించిన మాటలివి: "అన్నా, మా ఆయన కల్లు సుత ముట్టడు. నీకెర్కే గదా. ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నదున్నట్టు గోడకెక్కించాను. చూసినవాడు వేలికి సిరా పూసుకొనే వచ్చాడు. మొదటిసారి నా నియమం నేనే తప్పి, వెయ్యనివ్వలేదు. వాడికి ముగ్గురు పిల్లలు.

4. క్లర్క్ వహీద్‌కు నా ఎడమ కాలి చెప్పు. ప్రెసిడెంట్ ఆ కాగితం గోడ నుంచి చించి నీకిస్తే, దాని కిందున్న ముద్రను భూతద్దం పెట్టుకొని మూడు రోజులు నూట పన్నెండు మంది వేళ్ళతో పోల్చి చూశావు. దొరకలేదు. వహీద్ భాయ్, అది నా ఎడమ కాలి బొటనవేలు.

5. పన్నెండు నారింజ పండ్లు గంగన్నకే తిరిగి. ఎవరికీ టీ కూడా పోయించని మనిషి బుధవారం బుట్ట పట్టుకొచ్చి, "పెద్దులన్నా, ఫికర్ చెయ్యకు, పండ్లు తిను" అన్నాడు. ఆయన చేతనే రెండు తినిపించి గంట సేపు చూశాను. ఏమీ కాలేదు. అయినా నేను తినలేదు.

6. ట్రాన్సిస్టర్ నిజాముద్దీన్‌కు. నా మాటలు ప్రెసిడెంట్‌కు మోసేది నువ్వేనని ఏడాదిగా నా అనుమానం. అందుకే దేవయ్య వార్త నకలు బియ్యం డ్రమ్ములో ఉందని నీ ఒక్కడికే చెప్పాను. ఎవరూ డ్రమ్ము వెతకలేదు. ఇది చెబితే నువ్వు గరిటె పట్టుకొనే నవ్వావు: "క్యా రే పెద్దులు, మరే బాద్ బీ శక్ కర్తా క్యా?" చచ్చాక కూడా అనుమానిస్తాను భాయ్, కానీ నిన్ను కాదు. స్టేషన్ మార్చేటప్పుడు మెల్లగా తిప్పు.

7. నా భార్య కనకవ్వకు సాంబ్రాణి పొట్లం, అందులో ఒక వెండి మెట్టె. పెళ్ళైన కొత్తలో పోయిందని ఇల్లంతా వెతికావు. తీసింది నేను. వెతికేటప్పుడు నీలో నువ్వే పాడుకుంటావు, అది వినాలని. తర్వాత ఇవ్వడానికి సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళు నాతోనే తిరిగింది.

8. దేవయ్య వార్త అసలైన నకలు ఈ పెట్టె అడుగున, పాత బనియన్‌లో ఉంది. దాన్ని క్యాంపులోని నూట పన్నెండు మందికీ ఉమ్మడిగా రాసిస్తున్నాను. ఈ చదువు కాగానే వరుసగా వచ్చి దాని కింద వేళ్ళు వెయ్యండి. ఒక్క వేలైతే పట్టుకొని ఇంటికి విమానం ఎక్కిస్తారు. నూట పన్నెండు ఎక్కిస్తే రోడ్డెవరు వేస్తారు? చూసినవాడి వేలు కూడా వాటిలో కలిసిపోతుంది. గంగన్నా, నీకూ చోటు వదిలాను, చివర్న. వేస్తావో లేదో అందరూ చూస్తుంటారు. తర్వాత నిజాముద్దీన్ దాన్ని సత్తవ్వకు రిజిస్టర్ పోస్టులో పంపాలి.

మొదటి వేలు ఇప్పటికే పడింది. అది నాది. ఈసారి చేతిదే.

1975 ఆగస్టు 21, గురువారం, బహ్లా క్యాంపు, రూమ్ నంబర్ 9.

(సంతకం) పెద్దులు

సాక్షులు:
నిజాముద్దీన్, మెస్ వంటమనిషి (సంతకం)
బాబు మియా, తాపీ పని (వేలిముద్ర. చేతి బొటనవేలే, దగ్గరుండి చూశాను.)