వెనక సీటు మీద రఫీ ఫోటో

గురువారం రాత్రి, జిద్దా

నేను చెబుతున్నాను, మనవరాలు సమీరా రాస్తోంది. ఒక్క మాట కూడా మార్చనని ఒట్టు వేయించుకున్నాను.

ఉక్రెయిన్‌కు ఆయుధాలు పంపే దేశాల పెద్దలు మాట్లాడుకోవడానికి ఈ ఊరొచ్చారు. వాళ్లలో ఒకాయనకు డ్రైవరు నా పెద్దకొడుకు ఖాదర్. చిన్నవాడు రఫీని వంటపనని చెప్పి ఏజెంటు రష్యాకు పంపాడు. అక్కడ తుపాకీ ఇచ్చి యుద్ధానికి తోలారు. ఈ పెద్దలు పంపే గుండ్లు వాడి మీదే పడతాయి.

"ఆ సారుకు చెప్పరా" అని ఖాదర్‌ను ఎంతో బతిమాలాను. డ్రైవర్లు నోరెత్తకూడదట. అందుకే పొద్దున కారు తుడిచే నెపంతో వెనక సీటు మీద రఫీ ఫోటో పెట్టాను.

సాయంత్రం ఖాదర్ దాన్ని నా ఒళ్లో పడేశాడు.

"ఏంది మా ఈ పని? నా నౌకరీ పోతే అందరం ఏం తినాల?"

"నీ తమ్ముడు పోతే యాడ తెస్తావురా? సారు చూసినాడా?"

"చూసినాడు. ఎవరని అడిగినాడు. తమ్ముడన్నా. అందగాడన్నాడు."

"యాడుండాడో చెప్పినావా?"

వాడు తల వంచుకుని గదిలోకి పోయాడు. కోడలు అన్నం పళ్లెం నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

రేపు కూడా కారు నేనే తుడుస్తాను. 'వీడు వంటవాడు, సిపాయి కాదు' అని సారుకు తెలిసే భాషలో ఫోటో వెనక రాయమంటే, సమీరా మాటిమాటికీ వాళ్ల నాన్న గది వైపు చూస్తోంది...