గురువారం పదకొండు గంటలకు కొండ మీద ఉండుట గురించి

భూముల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రకృతి రక్షణకు, ప్రజల నడకకు నేను వదిలిన కొండను రాళ్ళ కంపెనీకి ఇచ్చిన ఉత్తర్వు రద్దు చేయుట, మరియు గురువారం నాటి విచారణకు నేను రాలేకపోవుట గురించి.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు రాళ్ళ క్వారీలో మందు పెట్టి కొండలు పగలగొట్టినవాడిని. ఇప్పుడు ఒక కొండను పగలగొట్టవద్దని తమరిని వేడుకొనుచున్నాను. ఇది చదివి తమరికి నవ్వు రావచ్చు. మా వీధిలో చాలామందికి వచ్చింది.

1. సదరు కొండ నా భార్యకు పుట్టింటి వారి నుండి సంక్రమించినది. ఆమె కుట్టుపని చేసేది. మిగిలిన గుడ్డ పీలికలు తీసుకెళ్ళి చెట్లకు కట్టి, పైదాకా దారికి గుర్తులు పెట్టింది. ఎర్ర పీలిక ఉంటే ఎడమకు తిరగాలి. పచ్చది ఉంటే కూర్చోవడానికి బండ ఉన్నట్టు. ఇరవై ఏళ్ళుగా ఎవరైనా ఎక్కవచ్చు, మమ్మల్ని అడిగే పని లేదు. ఆస్పత్రి నర్సు ఆయాసం రోగులను మొదటి పచ్చ పీలిక దాకా నడిపించి తీసుకొచ్చేది. మంగలి మాత్రం "ఇంట్లో ఎవరూ నన్ను మాట్లాడనివ్వరు" అంటూ పొద్దున్నే పైకెక్కి, ఒక్కడే తనివితీరా మాట్లాడుకుని దిగేవాడు. ముళ్ళపందులు, ఊటనీళ్ళు, పేరు తెలియని పిట్టలు కలవు. వాటిని తమ సర్వేయరు నమోదు చేయలేదు.

2. నా భార్య ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి గత సంవత్సరం మరణించినది. ఆమె ఏనాడూ క్వారీలో అడుగు పెట్టలేదు. ఆ దుమ్మును నేనే బట్టల్లో ఇంటికి మోసుకొచ్చాను. ఆమె ఆ బట్టలు దులిపి ఉతికింది. ఈ పేరా అనవసరమని అర్జీలు టైపు చేసేవాడు కొట్టేశాడు. అందుకే అర్జీ మొత్తం నా చేత్తోనే రాసుకుంటున్నాను. పోయే ముందు ఆమె అడిగింది ఒక్కటే: "కొండ జోలికి ఎవర్నీ పోనివ్వకు. నువ్వూ పోకు."

3. ఆ మాట ప్రకారం, ఎప్పటికీ అలాగే ఉంచవలెనన్న షరతు మీద కొండను ప్రభుత్వమునకు అప్పగించితిని. తమ ఫారంలో తొమ్మిదో గడిలో "ప్రస్తుతం భూమిలో జరుగుచున్న పని" అని అడిగారు. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను: "ఏమీ లేదు. ఏమీ జరగనివ్వము. మనుషులు ఎక్కుతారు, కూర్చుంటారు, దిగిపోతారు." తమ గుమాస్తా గారు మొదటి రెండు మాటలు మాత్రం ఎక్కించుకున్నారు. ఏ పనీ జరగని భూమి నిరుపయోగ భూమి అట. నిరుపయోగ భూములన్నీ ఒక జాబితాలో చేరతాయట. ఆ జాబితా రాళ్ళ కంపెనీకి వెళ్తుందట. కొండను తీసుకున్నారు, షరతును తీసుకోలేదు.

సరిదిద్దమని గుమాస్తా గారిని అడిగాను. "ఏదో ఒక పని చేస్తున్నానని రాయాల్సింది పెద్దాయనా. మేకలు కాస్తున్నానని రాసినా సరిపోయేది" అన్నారు. నాకు మేకలు లేవన్నాను. "ఉన్నాయో లేవో చూడ్డానికి ఆ కొండ ఎవరెక్కుతారు?" అన్నారు.

4. మందు పేల్చే ముందు మూడు ఈలలు వేయడం మా పనిలో నియమం. మూడో ఈల తర్వాత కొండ మీద ఒక్క మనిషి కనిపించినా ముట్టించకూడదు. కంపెనీ వారు రోజూ పదకొండు గంటలకు పేల్చుటకు అనుమతి పొందిరి. గుంటలు తవ్వేచోట ఎర్ర రంగు చుక్కలు పెట్టిరి. మొదటి చుక్క నా భార్య కూర్చునే బండ మీదే పడింది. అందుచేత రోజూ ఆ వేళకు ఎవరో ఒకరం పైన కనిపించేటట్టు వంతులు వేసుకున్నాము. పంతొమ్మిది రోజులు కొండ నిలిచింది.

తర్వాత తమ కార్యాలయం నుండి అందరికీ అక్రమ ప్రవేశం నోటీసులు వచ్చినవి. నర్సును ఉద్యోగం పోతుందని బెదిరించారు. మంగలి కొట్టుకు లైసెన్సు చూపమన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను, పిల్లలున్నవాళ్ళు. ఎనిమిది రోజులుగా నేనొక్కడినే ఎక్కుతున్నాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

5. ఇంతలో తమ విచారణ నోటీసు అందినది: "గురువారం ఉదయం పదకొండు గంటలకు స్వయంగా హాజరు కావలెను, కానిచో ఫైలు మూసివేయబడును." తమ కార్యాలయం ఇక్కడికి బస్సులో మూడు గంటలు. నేను తమ దగ్గరికి వస్తే, మాట్లాడుకోవడానికి కొండ ఉండదు. కొండ మీద ఉంటే ఫైలు ఉండదు. ఈ వేళ ఎవరు కుదిర్చారో గాని బాగా ఆలోచించే కుదిర్చారు.

6. కంపెనీలో మందు పెట్టేది నా మేనల్లుడు. వాడికి పని నేర్పింది నేనే. నిన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మామయ్యా, గురువారం నువ్వు ఆఫీసులో ఉంటావని మాకు కాయితం వచ్చింది. ఆ రోజు కొండ ఖాళీ అని మేనేజరు సంతకం కూడా పెట్టేశాడు."

"నేనెక్కడికీ పోనురా. పైనే ఉంటా."

"నువ్వు చెప్తే చాలదు. బెదిరిస్తున్నావంటాడు మేనేజరు. ఆఫీసు కాయితం ఒకటి చెప్తుంటే నీ మాట ఎవడు వింటాడు? అక్కణ్ణించే మాట రావాలి."

"మూడో ఈల తర్వాత పైకి చూస్తావుగా?"

"చూస్తా. కనిపిస్తే ముట్టించను, అమ్మ మీద ఒట్టు." వెళ్ళబోతూ, "మంచు ఇప్పుడే మొదలైంది, ఇక రోజూ పగలు పన్నెండయ్యేదాకా విడవదు మామయ్యా" అన్నాడు.

వాళ్ళమ్మ నా అక్క. వాడు ఒట్టు తప్పడు. మంచు సంగతి వాడి చేతిలో లేదు.

కావున నా ప్రార్థన. ఉత్తర్వు రద్దు చేసి, తొమ్మిదో గడిలో నేను రాసినదంతా ఎక్కించవలెను. అది కుదరనిచో విచారణ మరొక రోజుకు మార్చవలెను. అదీ కుదరనిచో, హాజరు పట్టీలో నా పేరుకు ఎదురుగా "రాలేదు" అని గాక "కొండ మీద ఉన్నాడు" అని రాయించవలెను.

దయతో చిత్తగించవలెను. బుధవారం లోపల చిత్తగించిన మరీ మేలు.

తమ విధేయుడు,
ఒకప్పటి మందు మేస్త్రీ,
పీలికల కొండ మాజీ ఆసామి

తా.క.: నాకు చావాలని లేదండీ. కానీ అంత దూరం నుంచి ఆ ఈలలు నాకు వినిపించవు. ఈ పనిలో అన్నిటికన్నా ముందు చెవులు పోతాయి. మంచులోంచి నేను కేకేసినా మేనల్లుడికి వినబడదు, వాడి చెవులూ సగం పోయాయి. పైన సిగ్నల్ ఉండదు. పై ప్రార్థనలు మూడూ తమ వల్ల కాకపోయినా సరే, నేను పైనే ఉన్నానని ఆఫీసు నుంచి వాడికి ఒక్క ఫోను చేయండి, వాళ్ళ మేనేజరు వినేది తమ మాటే. నంబరు ఈ కాయితం వెనక రాశాను. మందు దగ్గర ఫోన్లు ఉంచకూడదు కనుక పదిన్నరకే ఆపేస్తారు. విచారణ పదకొండుకని ఉన్నా తమరు పదకొండున్నరకు గాని రారని మీ బంట్రోతు చెప్పాడు. ఆ ఒక్క రోజు కొంచెం ముందుగా రండి.