టైటాన్ డ్యూటీ చార్టు

నవంబర్ 8, శనివారం

మా ఆయన మంచం దిగలేరు కాబట్టి ఇవాళ్టి నుంచి మేడ మీద డ్యూటీ నాది. స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో, బొగ్గు కాల్చే చోట, ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరైన మనిషి, పెళ్ళానికి కూడా షిఫ్టు అప్పగించినట్టే అప్పగించారు. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, కెమెరా, లాప్‌టాప్, మూడు పేజీల సూచనలు. ఈ పిచ్చి నాకు మొదటి నుంచీ గిట్టదు. బీడీలు మానమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది, ఇప్పుడు ఆయన ఊపిరి ఆక్సిజన్ మిషన్ మీద నడుస్తోంది.

ఈ నెలలో శని వలయాలు అంచు మనవైపు తిరిగి గీతలా కనిపిస్తాయట. ఇరవై మూడున అన్నిటికంటే సన్నగా. మళ్ళీ అలా కావాలంటే పదమూడేళ్ళు. ఆ గీత ఫోటో మన సెక్టర్ 4 మేడ మీద నుంచే తియ్యాలట, ఒక్కసారి చూస్తే చాలట. పదమూడేళ్ళ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

నవంబర్ 10. సాయంత్రం 7.30

శని ఉడుకుతోంది. స్క్రీన్ మీద చూస్తే మరిగే నీళ్ళలో పడ్డ బఠాణీ గింజ. మూడు నిమిషాల వీడియో తీస్తే ఆరు వేల ఫ్రేములు. వాటిలో కదలనివి నాలుగైదు వందలు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి సాఫ్ట్‌వేర్ ఒక ఫోటో చేస్తుంది. బియ్యంలో రాళ్ళేరడం నాకు వచ్చు. ఇక్కడ రాళ్ళలో బియ్యం ఏరాలి.

గాలి బాగోలేదు, అది కదిలితే బొమ్మా కదులుతుంది. చలి మొదలైతే సిగిడీల బొగ్గు పొగ పైకి పోదు. పగలంతా ఎండకి కాగిన సిమెంటు కప్పులు రాత్రి దాకా వేడి కక్కుతాయి. ఫోటో రాలేదని చెబితే రేపు చూద్దామన్నారు.

నవంబర్ 13

మబ్బు.

నవంబర్ 15, శనివారం

కింది క్వార్టర్ అప్పయమ్మ పిన్ని మెట్ల మీద ఆపింది. ఇంట్లో మనిషి అలగుంటే రోజూ శని మొగం సూత్తావేటే, ఆ గొట్టం ఒగ్గీసి గుడికెళ్ళి నువ్వులనూనె పోసిరా, ఎనక్కి తిరిగి సూడకు అంది. వెళ్ళి పోసి వచ్చాను. వెనక్కి చూడలేదు. ఏడింటికి మేడెక్కి నేరుగా మొహంలోకే చూశాను. తప్పు చేస్తున్నానని భయం వేసింది.

నూనె పోసినా గాలి ఆగలేదు.

నవంబర్ 19, బుధవారం

నిన్నటి నుంచి ఆయనకి మాట మధ్యలో ఆయాసం. ఇరవై మూడు దాకా ఉంటారన్న నమ్మకం నాకు పోయింది. ఇంటర్నెట్‌లో ఎవరిదో ఫోటో దొరికింది, వారం కిందటిది. బ్లేడుతో గీసినట్టు వలయం, పక్కన చుక్కలా టైటాన్. మన టెలిస్కోపులో బొమ్మ తలకిందులుగా వస్తుంది కదా, దాన్నీ తలకిందులు చేశాను. అంత తెలివుంది నాకు. ఇవాళ తీశానని చూపించాను.

చాలాసేపు చూశారు. తర్వాత గోడకేసి చూశారు.

టైటాన్ శనికి పెద్ద చందమామ. చుట్టి రావడానికి పదహారు రోజులు. వారం ఎడమపక్క, వారం కుడిపక్క. షిఫ్టు రోస్టర్ గళ్ళు కొట్టి, ఏ రోజు ఎటుంటుందో డిసెంబర్ ఆఖరు దాకా రాసి మంచం పక్క గోడకి అంటించారు ఆయన. రోజూ దాని కిందే నిలబడి మందులిస్తాను. ఒక్కసారీ చదవలేదు.

టైటాన్‌గాడికి ఈయేళ కుడిపక్క డ్యూటీ కదే, ఎడమపక్కకి ఎలగొచ్చీసినాడు అన్నారు. కోపం లేదు, అదే భరించలేకపోయాను. ఇది మన ఆకాశం కాదే సత్యవాణీ, మన గాలి ఇందులో ఏదీ అన్నారు, మధ్యలో మూడుసార్లు ఆగి.

వంటింట్లోకి పోయి ఏడ్చాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం కాదు. దొరికిపోయింది మాత్రం ఇదే మొదలు.

నవంబర్ 23, ఆదివారం

గాలి మరీ ఘోరం. ఫోటో రాదని తెలిసే తీశాను. ఏరలేదు, పేర్చలేదు. మూడు నిమిషాల వీడియో ఉన్నదున్నట్టు కిందికి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. శని వణుకుతోంది, సాగుతోంది, రెండుగా చీలుతోంది. మధ్యలో ఒక్క క్షణం నిలిచింది. గీత. ఆయన వేలెత్తి అద్గదీ అన్నారు. అంతలోనే కరిగిపోయింది.

మళ్ళీ ఎయ్యి అన్నారు. నాలుగుసార్లు వేశాను. ప్రతిసారీ అక్కడికి రాగానే వేలెత్తారు.

నవంబర్ 27

పొద్దున ఆరింటికి ఆయన పోయారు. మిషన్ ఆపాలని ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం దాకా నడుస్తూనే ఉంది.

డిసెంబర్ 11, గురువారం. సాయంత్రం 7.05

చుట్టాలు వెళ్ళిపోయారు. మేడెక్కాను. ఇన్నాళ్ళకి గాలి ఆగింది. శని కదలడం లేదు. రికార్డు నొక్కలేదు.

ఆయన చార్టులో ఇవాళ్టి గడిలో ఎడమ అని ఉంది.

చూశాను. ఎడమనే ఉంది.