ఈసారీ జీపులు అనంతగిరికే

స్వరాజ్యం,

అన్నం, పప్పుచారు స్టవ్ మీదే ఉన్నాయి. వేడి చేసుకుని తిను, కిరోసిన్ తక్కువుంది, చూసి వాడు. మీ అన్న దోస్తు గౌస్ భాయ్‌తో అనంతగిరి దారి చూడటానికి జీపు తీసుకుని వెళుతున్నాను. చీకటి పడేలోపు వచ్చేస్తాను. పాత జీపుల వాళ్లెవరైనా వచ్చి అడిగితే, ఏటా లాగే ఈ ఆదివారం కూడా అందరం గుట్టలకు పోతున్నామని, తెల్లవారగానే పంజాగుట్ట చౌరస్తాకు రమ్మని చెప్పు.

నిన్న నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు గౌస్ భాయ్ వచ్చాడు. "వదినమ్మా, హనుమాండ్లన్న లేకుండ గీసారి ఎట్ల పోతం? బంద్ పెడ్దమా?" అన్నాడు.

"బంద్ ఎందుకు భాయ్? మా బండి నేను నడుపుత," అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను చాయ్ పోసిచ్చాను. మీ అన్న పోయినప్పటి నుంచి నాకు ఏడుపూ రావడం లేదు, ఆకలీ తెలియడం లేదు. పొద్దున జీపు స్టార్టయితే నాకేదో అవుతుందని భయపడ్డాను. ఏమీ కాలేదు.

నన్ను అడగకుండానే జీపు అమ్మకానికుందని అమీర్‌పేట అంతా చెప్పావట. నా మంచికే అనుకుని ఉంటావు. అయినా ఒక మాట అడగాల్సింది.

మీ వదిన

ఆదివారం నువ్వు సుత రా. ఇన్నేళ్లూ నేను కూర్చున్న సీటు ఈసారి ఖాళీగా ఉంటుంది. పక్కన ఎవరూ లేకుండా నేను ఆ గుట్ట ఎక్కలేను.