గొంగడి జమానతు

తారణ, పుష్య బహుళ తదియ
గొర్రెల మల్లయ్యకు పూచీపడి జమానతు నిలిచాను. దొర చేనులో మంద పడిందని కేసు. పేషీ నాడు మనిషి రాకుంటే చెరువు కింది నా మడి జప్తు. ఇది మూడోది. ముందటి రెండూ మాట పడకుండా గడిచాయి. ఇదీ గడిస్తే కచేరీలో జమానతుదారుగా పనిచేసే పరవానా దొరుకుతుంది. పాత దరఖాస్తులు ముందు పెట్టుకుని ఉర్దూ దిద్దుకున్నది ఇందుకే.

చవితి
కచేరీ మెట్ల మీద లతీఫ్ సాబ్. పాత జమానతుదారు. ఈ పని ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాను.
"వానిది ఏం పట్టుకున్నవ్?"
మాట ఇచ్చాడన్నాను.
"మాటనేడ దాచినవ్ బేటా, సందుగలనా?" పాన్ ఉమ్మి నవ్వాడు. మంగలైతే పొది, వడ్లాయనైతే బాడిశ, గొల్లాయనైతే గొంగడి పట్టాలట. అది లేనిదే ఊరు దాటరట.

పంచమి
మల్లయ్య గుడిసెకు పోయి అడిగాను. భుజం మీది గొంగడి తీసి, దులిపి, మడిచి ఇచ్చాడు. భార్య కొమురమ్మే అంది - "మంద కాడ పంటడయ్యా. సలి సూస్తలెవ్వా?"
పేషీ కాగానే ఇస్తానన్నాను.

దశమి
చలి. ఇంట్లో కుంపటి. దూలానికి గొంగడి. గొర్రెల వాసన.

మాఘ శుద్ధ విదియ, బుధవారం
పేషీ. చప్రాసీ పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. మల్లయ్య లేడు. దొర వకీలు - "పారిపోయిండు హుజూర్." వచ్చే బుధవారం మనిషిని హాజరు పరచాలన్నారు మున్సిఫు. లేకుంటే మడి పోతుంది, పరవానా మాట ఇక లేదు.
లతీఫ్ సాబ్ మెల్లగా - "గొంగడి నీ తాననే ఉన్నదా? అయితే పారిపోలే. పోయి సూడు."

తదియ
పారిపోలేదు. మంచులో మంద దగ్గర గోనెసంచి కప్పుకుని పడుకున్నాడట. ఒళ్ళు కాలుతోంది. ఊపిరి ఎగదన్నుతోంది. నన్ను చూసి లేవబోయాడు.
కొమురమ్మ నా చేతుల వైపు చూసింది. "గొంగడి తెచ్చినవా?"
తేలేదు.

పంచమి
ఇచ్చి వచ్చాను. కప్పినా వణుకు ఆగలేదు.

సప్తమి
డాక్టరు చీటీ తెస్తే చాలదా అని కచేరీ గుమస్తా పేష్కారును అడిగాను. "చీటీలు శానా సూసిన్రు మున్సిఫు సాబు. మనిషి గావాలె."
లతీఫ్ సాబ్ - "బండ్లేసి తోలుకరా. కచేరీ మెట్లెక్కినంక ఏమైనా నీ మీదికి రాదు."
ఈయన దగ్గరా నేను నేర్చుకున్నది...

నవమి, బుధవారం
మల్లయ్య గుడిసె ముందు కూర్చుని రాస్తున్నాను. నిన్న సాయంత్రమే బండితో వచ్చాను. గడ్డి మందంగా పరిచాను. బాటంతా రాళ్ళు. ఇప్పుడు కదిలితేనే కచేరీకి అందుతాం.
లోపలి నుంచి మల్లయ్య, ఆగి ఆగి - "నీ మడి... పోనియ్యనయ్యా. ఎక్కియ్యి."
కొమురమ్మ గొంగడి ఒళ్ళో పెట్టుకుని బండి చక్రం ముందు కూర్చుంది. ఏడవడం లేదు. నన్ను చూడటం కూడా లేదు.
బండాయన పగ్గాలు పట్టుకుని అడుగుతున్నాడు - "తోలాల్నా పటేలా, ఎడ్లనిప్పాల్నా?"
మళ్ళీ అడుగుతున్నాడు.