కాఫీ వద్దు లేడీస్

2023 అక్టోబర్ 29, ఆదివారం. హాలిఫాక్స్.

అయిపోయింది. నేనూ కాఫీ విడిపోయాం. సాక్షి: నా రూమ్మేట్ కనకదుర్గ. వినగానే పగలబడి నవ్వింది. నవ్వనీ!

కారణం రాసుకోవాలి, లేకపోతే రేపే మర్చిపోతా. నెలనెలా మొదటి రోజు నాకు నరకం. పోయినసారి మిడ్‌టర్మ్ రాయాల్సిన టైంలో బాత్రూమ్ నేల మీద ముడుచుకుని పడుకున్నా. ఈసారి లెక్క చూస్తే సరిగ్గా నవంబర్ 17న. ఆ రోజే నా కో-ఆప్ ఇంటర్వ్యూ! మా చదువులో ఒక సెమిస్టర్ ఏదైనా కంపెనీలో పనిచేసి తీరాలి. ఎక్కడెక్కడో అప్లై చేస్తే పిలిచింది డార్ట్‌మత్‌లోని ఒక డేటా కంపెనీ ఒక్కటే.

క్లినిక్‌లో నర్స్ మార్గరెట్ అడిగింది: "రోజుకి ఎన్ని కప్పులు?" ఆరు. "నిద్ర?" దొరికినప్పుడు. ఆవిడ కళ్లజోడు తీసి మరీ చూసింది. అందరికీ అలా అని కాదు గానీ, కాఫీ ఎక్కువైతే కొందరు ఆడవాళ్లకి నిద్ర పాడవుతుంది, ఆ రోజుల్లో నొప్పీ చిరాకూ పెరగొచ్చు, తగ్గించి చూడు అంది. నొప్పి మొదలవగానే వేసుకోమని మాత్రలు కూడా ఇచ్చింది.

తగ్గించడమేంటి? మానేస్తా! మాత్రలు సొరుగులో పడేశా. పట్టుదల ఉన్నదానికి మాత్రలెందుకు?

అక్టోబర్ 30

తలనొప్పి. మామూలు తలనొప్పి కాదు, పెళ్లి బ్యాండు.

పైగా నా పార్ట్ టైమ్ ఎక్కడ? కాఫీ షాపులో! పొద్దున్నుంచీ డబుల్ డబుల్, అంటే రెండు క్రీం రెండు పంచదార కాఫీ, కలిపి ఇస్తూనే ఉన్నా. ఒకాయన కప్పు మూత తీసి ఊదుకుంటుంటే, ఆ ఆవిరి ఎటు పోతే నా ముక్కు అటే పోయింది. ఆయన కొంచెం వెనక్కి జరిగాడు.

అయినా తాగలేదు. శభాష్ మృదులా!

నవంబర్ 1

ప్రత్యామ్నాయాల పరిశోధన.

పుదీనా టీ: పళ్లు తోముకున్నట్టుంది.

గోల్డెన్ లాటె: మా షాపులో దీనికి క్యూ. తీరా చూస్తే జలుబు చేసినప్పుడు అమ్మ ముక్కు మూసి తాగించిన పసుపు పాలు! ఇంత దూరం వచ్చింది ఇందుకా?

ధనియాల కాఫీ: అమ్మకి ఫోన్ చేశా. "ధనియాలు, జీలకర్ర, శొంఠి దోరగా వేయించి పొడి కొట్టుకో తల్లీ. గర్భసంచికి కూడా మంచిదని మా అత్తగారు అనేవారు." దోరగా అంటే ఎంతో తెలిసేలోపు స్మోక్ అలారం మోగింది. పైనుంచి ఇంటి ఓనరు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆయనకీ ఒక గ్లాసు ఇచ్చా. "ఇంట్రెస్టింగ్" అన్నాడు. కెనడాలో దాని అర్థం నాకు తెలుసు. రసంలో పాలు పోసినట్టుంది మరి. ఒక సీసాడు పొడి మిగిలిపోయింది.

నవంబర్ 3

యురేకా!!

దుర్గ వాళ్లక్కకి మాంక్టన్‌లో పాప పుట్టిందని సాయానికి వెళ్లింది. వారం దాకా రాదు. పప్పు కోసం దాని షెల్ఫ్ వెతుకుతుంటే వెనకాల పెద్ద డబ్బా. మీద "ప్యూర్ చికోరీ" అని ఉంది. నెట్‌లో చూశా: చికోరీ అంటే కాఫీలో కలిపే దుంప పొడి, కెఫీన్ ఉండదు!

దుర్గ స్టీలు ఫిల్టర్‌లోనే డికాక్షన్ దించా. పాలు, పంచదార. అబ్బబ్బా! అచ్చం కాఫీ! కాఫీ కంటే కాఫీ! తలనొప్పి అరగంటలో మాయం. ఈ దేవుడిచ్చిన దుంప గురించి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంటి?

నవంబర్ 5

రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడ చలికాలానికని గడియారాలు గంట వెనక్కి మార్చారుగా, అందుకే.

చికోరీ: నాలుగు కప్పులు. భయం లేదు, దుంపేగా.

వాట్సాప్ గ్రూప్ పెట్టా. పేరు "కాఫీ వద్దు లేడీస్". మా బ్యాచ్‌లో తెలుగమ్మాయిలు పదమూడు మంది చేరారు. హార్మోన్ల మీద ఉపన్యాసం వాయిస్ మెసేజ్ పెట్టా. నా గొంతు నాకే నచ్చి రెండుసార్లు విన్నా.

నవంబర్ 8

ఫ్లాస్క్ నిండా చికోరీ క్లాసుకి పట్టుకెళ్లా. కాఫీ మానేసి మూడు రోజులుగా తల పట్టుకుని తిరుగుతున్న నిఖిల ఒక గ్లాసు తాగింది. తాగీ తాగగానే లేచి కూర్చుంది! వర్ష రెండు గ్లాసులు తాగి ల్యాబ్ రిపోర్ట్ మొత్తం రాసేసింది. "అక్కా, నువ్వు దేవతవి" అన్నారు. కాదనలేదు.

నా ఒంట్లో ఏదో మారుతోంది. గుండె దడదడలాడుతోంది. ఆరోగ్యం అంటే ఇదే కాబోలు.

నవంబర్ 10

దుర్గ వచ్చింది. షెల్ఫ్ తీసింది.

"ఏవే! నా కాఫీ పొడి సగం ఏమయ్యిందే?"

"కాఫీ పొడా? నీ దగ్గరెక్కడిది? నేను చికోరీ మాత్రమే..."

"ఆ డబ్బాలోది మా అమ్మ పంపిన కాఫీ పొడే! చికోరీ ఎప్పుడో అయిపోతే డబ్బా గట్టిగా ఉందని కడిగి అందులో పోసింది."

"డబ్బా మీద రాసుందిగా!"

దుర్గ నడుం మీద చెయ్యి పెట్టింది. "మీ ఇంట్లో ఐస్‌క్రీం డబ్బాలో ఏముంటుందే?"

"ఇడ్లీ పిండి."

"బిస్కెట్ల డబ్బాలో?"

"సూదీ దారం."

"మరి?"

కెనడా వచ్చి ఏడాదైనా తిరగలేదు, అప్పుడే లేబుల్ నమ్మే స్థాయికి దిగజారిపోయా.

నవంబర్ 11

ఇవాళ సెలవు. ప్రతిజ్ఞలకి కూడా సెలవే. పైగా ఎలాగూ వారం నుంచి తాగుతూనే ఉన్నానుగా, కొత్తగా చెడేదేముంది? ఆరు కప్పులు. ఆరోది కేవలం ఐదోది ఒంటరిగా ఉందని.

గ్రూప్‌లో చెప్పలేదు. "అక్కా, ఆ చికోరీ బ్రాండ్ పేరు పెట్టవా" అని అడుగుతున్నారు. ఫోన్ దిండు కింద పెట్టేశా.

నవంబర్ 16

నడుం లాగుతోంది. వచ్చేస్తోంది. భయంగా ఉంది. ఇంటర్వ్యూలో అందరి ముందూ ముడుచుకుపోతే? ఏడ్చేశా. నేను కళ్లు తుడుచుకునేలోపే దుర్గ క్లినిక్‌కి ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టింది.

డబ్బా కథంతా చెప్పా. నర్స్ మార్గరెట్ చాలాసేపు నవ్వింది. తర్వాత మెల్లగా అంది: "అసలు మొత్తం మానేయమన్నది ఎవరు? పొద్దున ఒక కప్పు తాగు, మధ్యాహ్నం దాటాక వద్దు. రాత్రి నిద్రపో. సరే, ఆ మాత్రలేవి?"

సొరుగులో.

"సొరుగుకి నొప్పి లేదు. నీకుంది. ఏదైనా తిని ఒకటి వేసుకో. ఇంటర్వ్యూ అయ్యాక వచ్చి కనపడు, ప్రతి నెలా ఇంత నొప్పి ఎందుకో చూడాలి. ఓర్చుకోవడం ఒక వైద్యం కాదు."

ఈ ముక్క నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 17

వచ్చింది, చెప్పిన రోజుకే. దానికున్న క్రమశిక్షణ నాకుంటేనా!

ఉప్మా, మాత్ర, కోటు కింద దుర్గ కట్టిన వేడినీళ్ల సంచీ. ఫెర్రీలో డార్ట్‌మత్‌కి. నొప్పి ఉంది గానీ నిలబడగలిగా. నిలబడగలిగా!

ఇంటర్వ్యూలో హెదర్ అనే పెద్దావిడ అడిగింది: "నువ్వు చేసిన ఒక పొరపాటు, దాన్నుంచి నేర్చుకున్నది చెప్పు." బట్టీ పట్టిన జవాబు ఒకటి ఉంది, టీమ్‌వర్క్ గురించి. నోరు తెరిస్తే డబ్బా కథ వచ్చింది. చికోరీ, ఫ్లాస్కు, పదమూడు మంది భక్తురాళ్లు, అన్నీ.

నవ్వి నవ్వి హెదర్ కళ్లలోంచి నీళ్లు. "మా అమ్మమ్మ బిస్కెట్ల డబ్బాలో గుండీలు దాచేది" అంది. తర్వాత లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "మా డేటా కూడా అంతే. పైన పేరొకటి, లోపల ఉండేది ఇంకోటి. మూత తీసి చూసేవాళ్లు కావాలి."

నవంబర్ 20

వచ్చిందోచ్!! జనవరి నుంచి జాయినింగ్!

గ్రూప్‌లో నిజం ఒప్పుకున్నా. ముందు తిట్లు. తర్వాత నిఖిల రాసింది: "అక్కా, నాకూ నెలనెలా అలాగే. ఎవరికీ చెప్పలేదు." తర్వాత వర్ష. తర్వాత ఇంకో ఆరుగురు. ఒకే బెంచీల మీద కూర్చుంటూ ఇన్నాళ్లూ ఎవరి పళ్లు వాళ్లే బిగబట్టుకున్నామా? క్లినిక్ నంబర్ పెట్టి, గ్రూప్ పేరు మార్చా: "నొప్పంటే చెప్పండే".

ఇక కొత్త ప్రతిజ్ఞ. రేపట్నుంచి పొద్దున ఒకే ఒక్క కప్పు. కప్పు ఎంత ఉండాలో నర్స్ చెప్పలేదు కాబట్టి షాపులో ఉన్నవాటిలో పెద్దది కొన్నా.

మధ్యాహ్నం చెయ్యి ఎటు పోతుందో తెలుసు కాబట్టి ఇంకో ఏర్పాటు కూడా. దుర్గ కాఫీ పొడి వేరే సీసాలోకి మార్చి, డబ్బా కడిగి, మిగిలిన ధనియాల పొడంతా అందులో పోశా. చికోరీ లేబుల్ పీకేసి పెద్దక్షరాలతో కొత్తది అంటించా: "కాఫీ".