పసుపు కింది నంబరు

మంచిర్యాల

ప్రియమైన అంకయ్య బావకు,

ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోనయితే నీ నవ్వు వినాలి. కాగితం నవ్వదు. రాసి, ఫోటో తీసి నీ మనవరాలు నిఖితకు పంపుతున్నాను. చదివి వినిపిస్తుంది. నువ్వు చెప్పే జవాబును కూడా ఆ పిల్లే రాసి పంపుతుంది. నీ మాటల్ని దిద్దవద్దని, ఉన్నదున్నట్టు రాయమని చెప్పాను.

సంగతేమిటంటే, నీ దగ్గర కొన్న జీపును ఓడ ఎక్కిస్తున్నాను. ఇక్కడి నుంచి ముంబై వరకు రోడ్డు మీద, ముంబై నుంచి ఆఫ్రికాలోని మొంబాసా రేవు వరకు సముద్రం మీద, అక్కడ మళ్లీ రోడ్డెక్కి ఆ ఖండం దక్షిణపు కొస దాకా. నేనూ మీ చెల్లెలు గంగుబాయీ విమానంలో వెళ్లి మొంబాసాలో బండిని కలుసుకుంటాం.

నీ కొడుకు నిరంజన్ పెళ్లి పందిట్లో నువ్వన్న మాట నాకింకా గుర్తుంది. బంతిలో కూర్చున్న వాళ్లందరికీ వినిపించేలా, "మా బావ కాలేజీల భూగోళం చెప్పిండు గని, ఆయన చూసిన సముద్రం గోడ మీది పటమే" అన్నావు. అందరూ నవ్వారు. మర్యాదకు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఈనాటికీ గొంతు దిగలేదు.

రెండు మహాసముద్రాలు కలిసే చోట మా జీపు నిలబడిన ఫోటో నీకు చేరుతుంది. దాన్ని నీ జిన్నింగు మిల్లులో, పత్తి తూకం వేసే చోట, అందరికీ కనబడేలా తగిలించాలి. నేను కోరేది అంతే.

నీ నవ్వు మరిచిపోని
సిద్దిరాములు


బోథ్

పటాల పంతులు బావకు,

నిఖిత చదివింది. నిజమేనా అని రెండోసారి చదివించుకున్న. డెబ్బై దాటినంక గీ పిచ్చేంది బావా? గా జీపు నేను అమ్మినప్పుడే ముసల్ది. పత్తి బోరాలు మోసి మోసి దాని నడుము ఇరిగింది. నిర్మల్ ఘాటు ఎక్కాల్నంటేనే పొగలు కక్కుతుండె. అది ఆఫ్రికా తిరుగుతదా?

చెల్లె చింతపండు, కారం, జొన్నపిండి మూటలు గడుతుందట. చింతపండు మూట నెత్తిన పెట్టుకొని సముద్రం దాటినోళ్లను నీ బుక్కులల్ల ఎక్కడన్న చదివినవా? ఆ దేశపోళ్లు నవ్వుతరు, ఈడ మేము నవ్వుతం.

చెల్లెను ఇంట్లనే ఉండనియ్యి. బండంటే దానికి మొదటి సంది అచ్చిరాదు. పెండ్లైన కొత్తల పుట్టింటికొచ్చి, నేను లేంది చూసి గిదే జీపు తాళం తీసి, కొట్టం గోడకు గుద్దలేదా? ఊరంత కూడింది. నా ఇజ్జత్ పోయింది. గా దినం గుంజుకున్న తాళం మళ్ల దాని చేతికియ్యలే. ఇప్పుడు నిఖిత స్కూటీ కావాల్నని పానం తీస్తుంది. దానికి గూడ గా కథనే చెప్పి నోరు మూపిస్తున్న. గీ ముక్క రాసుకుంట మూతి ముడుసుకుంది.

పోతె పో. పైలంగ పోయిరా.

నీ మేలు కోరే
అంకయ్య


ముంబై

ప్రియమైన బావా,

దారిలో జీపు ఎక్కడా పొగలు కక్కలేదు. నిరాశపడకు.

బండిని ఓడెక్కించడమంటే పడవలో మేకను ఎక్కించినట్టు కాదు. మనిషికి పాస్‌పోర్టు ఉన్నట్టే బండికీ ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని కార్నే అంటారు. అడుగుపెట్టే దేశంలో ఒకసారి, వదిలిపెట్టేటప్పుడు ఒకసారి దాని మీద ముద్ర పడాలి. ట్యాంకులో డీజిల్ దాదాపు ఖాళీ చేయించారు. ఇనుప కంటైనర్లోకి బండిని నడిపించాక బ్యాటరీ తీగ ఊడదీసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు కొట్టి, పట్టీలతో కట్టేశారు. బండి లోపల పెట్టాక, నడిపినవాళ్లు బయటికి రావడానికి మిగిలేది జానెడు సందు. నా పొట్ట సంగతి నీకు తెలుసు. అయినా పని జరిగింది. ఎలాగన్నది తీరిగ్గా రాస్తాను.

కంటైనర్లోకి ఎక్కించే ముందు తనిఖీకి వచ్చినాయన చాసిస్ మీది, అంటే అడుగు చట్రం మీది నంబరు కోసం కిందికి వంగాడు. అక్కడ పేరుకున్న పసుపూ కుంకుమా చూసి కళ్లకద్దుకున్నాడు. పూజ చేసిన చోట చెయ్యి పెట్టడం ఎందుకని, బానెట్ కింది రేకు మీద ఉన్న నంబరు చూసి సరేనన్నాడు. మన భక్తి అలా పనికొచ్చింది. తలుపులు మూసి సీలు వేశారు. మీ చెల్లెలు ఆ ఇనుప తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది, బడిలో పిల్లను దింపిన తల్లిలా.

సముద్రం కూడా చూశాను. పటంలో కంటే మురికిగా ఉంది.

సిద్దిరాములు


బోథ్

బావా,

నీ పొట్ట పట్టకపోతే బండి లోపట ఎవడు వెట్టిండు? కూలికి డ్రైవర్ను వెట్టుకొని మాకు గొప్పలు రాస్తున్నవా? నిఖిత కూడ గదే అడుగుమంటుంది. మొత్తం చెప్పు, సగం సగం చెప్పకు.

అంకయ్య


మొంబాసా

ప్రియమైన బావా,

ఇది చదివి నువ్వు తొడ చరుచుకుంటావని తెలిసే రాస్తున్నాను. దాచిపెట్టడం నా వల్ల కాదు.

బండి చిక్కుకుంది. ఓడ వచ్చింది, కంటైనర్ దిగింది, తలుపులు తెరిస్తే జీపు మేం వదిలినట్టే ఉంది. కానీ ఇక్కడి కస్టమ్స్ అధికారిణి రేకు మీది నంబరు ఒప్పుకోలేదు. "రేకును ఎవరైనా మార్చగలరు. చాసిస్ ఇనుము మీద కొట్టిన నంబరు చూపించండి" అంది. చూపించబోతే అక్కడ నంబరు లేదు, పసుపు ఉంది. ప్రతి దసరాకూ అదే చోట నువ్వు పసుపు మెత్తి, అదే ఇనుముకు కొబ్బరికాయ కొట్టేవాడివి. కొన్న తర్వాత నేనూ ఆలోచించకుండా అదే చేశాను. నీ పసుపు మీద నా పసుపు. ఆ కొబ్బరినీళ్లు ఇంకి ఇంకి లోపల తుప్పు పట్టింది. తడిగుడ్డతో తుడిస్తే అంకెలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. అది మూడో ఎనిమిదో తెలియడం లేదు. కార్నేలో మూడు ఉంది.

కత్తితో గోకకూడదు, ఆకురాయి ముట్టించకూడదు. గీత పడితే నంబరు మార్చామని కేసు పెడతారు. అంకె తేలకపోతే బండిని మళ్లీ కంటైనర్లో పెట్టి వచ్చిన దారినే పంపిస్తారు. అప్పుడు మేం వట్టి చేతులతో విమానం దిగి, నీ అరుగు మీద కూర్చుని, నువ్విచ్చే టీ తాగాలి. అంతకంటే ఈ రేవులో నీళ్లు తాగి పోవడం నయం.

మీ చెల్లెలు మాత్రం ఆ బండి కింద తలపెట్టి ఏదో ఆలోచిస్తోంది.

సిద్దిరాములు


బోథ్

బావా,

నవ్విన. అబద్ధమెందుకు, మస్తు నవ్విన. నిఖిత లేచి ఇంట్లకు పోయింది, నీతోని మాట్లాడ తాతా అనుకుంట. ఇగో, బతిమాలి తీసుకొచ్చుకున్న.

కొబ్బరికాయ ఆడ కొట్టుడు నేనే మొదలువెట్టిన. మా బాపు చెప్పిండు, బండికి నంబరే పానం, పానమున్న కాడనే మొక్కాలె అని. తుప్పు వడ్తదని ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు?

ఫికర్ చెయ్యకు. వచ్చెయ్యిండ్రి. నవ్వుత గని, జరంతనే నవ్వుత.

అంకయ్య


అగుల్హాస్, ఆఫ్రికా దక్షిణపు కొస

ప్రియమైన బావా,

ముందు ఫోటో చూడు. తర్వాత చదివించుకో.

చూశావా? ఎడమ పక్క హిందూ మహాసముద్రం, కుడి పక్క అట్లాంటిక్, మధ్యలో నీ ముసలి జీపు. గాలికి నా పంచె గొడుగైంది, నవ్వుకో.

ఆ రోజు మీ చెల్లెలు బండి కింది నుంచి లేచి, తన మూట విప్పి, గుప్పెడు చింతపండు తీసింది. "నేను గోకను, గీకను. ఇత్తడి బిందె తోమినట్టు తోముత" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ అధికారిణి ఒక రెబ్బ తీసుకుని వాసన చూసి, "ఉక్వాజు!" అని నోరారా నవ్వింది. వాళ్ల భాషలో చింతపండు అదేనట. వాళ్లింట్లోనూ చారు కాస్తారట. తన కళ్లముందే చేయమని కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

మీ చెల్లెలు కొంగు నడుముకు దోపి బండి కిందికి దూరింది. చింతపండు మెత్తడం, ఆగడం, గుడ్డతో ఒత్తడం, మళ్లీ మెత్తడం. "జర ఓపిక పట్టుండ్రి, దసరాలు చాన ఉన్నయి దీని మీద" అని కింది నుంచి అరిచింది. చివరికి ఆ అధికారిణే మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి, "మూడు!" అని కేకవేసింది. ముద్ర పడింది. నువ్వు నవ్విన చింతపండే గేటు తెరిచింది.

ఇక నువ్వడిగిన మాట. కూలికి డ్రైవర్ను పెట్టలేదు. నా కళ్లకు పక్కచూపు పోయింది. స్టీరింగు ముట్టవద్దని డాక్టరు చెప్పాడు, లైసెన్సు నాకివ్వలేదు. అది మీ చెల్లెలి పేరు మీద ఉంది. మంచిర్యాలలో మనవల వయసు పిల్లల మధ్య నేర్చుకుని, పరీక్ష ఇచ్చి తెచ్చుకుంది. ముంబై దాకా నడిపింది ఆమె. కంటైనర్లోకి ఎక్కించి, జానెడు సందులోంచి చీర కుచ్చిళ్లు పట్టుకుని బయటికొచ్చింది ఆమె. ఐదు దేశాల దుమ్ములో ఇక్కడిదాకా తెచ్చిందీ ఆమే. ఫోటోలో స్టీరింగు పట్టుకున్నదెవరో మళ్లీ చూడు.

నేను పక్క సీట్లో పటం పట్టుకుని కూర్చున్నాను. నన్ను గురించి నువ్వన్నది సగం నిజమే. ఆమె గురించి అన్నది పూర్తిగా అబద్ధం. నా బాకీ తీరింది.

కింద ఆమె ఏదో రాస్తానంటోంది.

గెలిచిన
సిద్దిరాములు

అన్నా, గోడకు ఒక్కపారే గుద్దిన. తాళం మాత్రం జనమకు గుంజుకున్నవు. బండి మంచిగున్నది. పైలం. గంగు.


బోథ్

చెల్లెకు, దాని మొగనికి,

ఫోటో మిల్లుల తూకం కాడ పెట్టిచ్చిన. పత్తి తెచ్చినోళ్లు అడుగుతున్నరు, ఎవరే గా డ్రైవరమ్మ అని. మా చెల్లె అని చెప్తున్న. అడగనోళ్లకు గూడ చెప్తున్న.

నిఖితకు స్కూటీ కొనిచ్చిన. నిన్న తాళం చేతికిచ్చిన. ఇచ్చిన గడియల్నే పోయి కొట్టం గోడకు గుద్దింది, సరీగ నువ్వు గుద్దిన కాడనే. వాడకట్టంత కూడింది. అందరు నా మొకం దిక్కు చూసిన్రు. నేను పోయి బండి లేపి నిలవెట్టి, ఎక్కు బిడ్డా, మళ్ల నడుపు అన్న.

గుద్దలే తాతా, తాకిందంతే అని రాస్తనంటుంది. రాయనియ్యలే. గుద్దిందనే రాయి, మీ గంగమ్మమ్మ సంబురపడుతది అన్న.

గోడదేముంది, రేపు కట్టిస్త.

మీ
అంకయ్య